వ్యాను మలుపు

భీష్మారావు మాస్టారికి ఒక అలవాటుంది. ఏదైనా ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పరు. "రేపు పొద్దున్న రా" అంటారు. వెళ్తే ఏదో ఒకటి చేయిస్తారు, లేదంటే ఏదో ఒకటి చూపిస్తారు. అర్థమైతే మన అదృష్టం, కాకపోతే మన ఖర్మ. ముప్పై ఒక్క ఏళ్లు శృంగవరపుకోటలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాక, ఆయన మాలాంటి పెద్దవాళ్లకి ఘాట్ రోడ్డు మీద సైకిల్ తొక్కడం నేర్పుతున్నారు. మాలాంటి అంటే పొట్టలొచ్చినవాళ్లు, షుగర్ వచ్చినవాళ్లు, డాక్టరు బెదిరించినవాళ్లు. ఈ మూడు జాబితాల్లోనూ నా పేరుంది. చిన్నప్పుడు హైస్కూల్లో ఆయన చేత తిట్లు తిన్నాను, ఇప్పుడు మండలాఫీసులో గుమాస్తానయ్యాక కూడా తింటున్నాను.

మా జట్టులో వనజాక్షి గారి సంగతి మాత్రం వేరు. ఆవిడకి నలభై నాలుగేళ్లు. పెళ్లయి వేపాడ నుంచి ఈ ఊరొచ్చి, స్టేషన్ రోడ్డులో టైలరింగ్ షాపు పెట్టుకుంది. "పాతికేళ్ల బట్టి కుట్టుమిషను తొక్కుతున్నానండి. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉన్నాను. ఓ పాలి కదిలేది తొక్కి చూద్దామనిపించింది" అని చెప్పి మాస్టారి దగ్గర చేరింది. ఆ మాటకి మాస్టారు నవ్వారు. ఆయన నవ్వడం మేమెవరమూ అంతకు ముందు చూడలేదు.

ఏటా మార్గశిరంలో బొడ్డవర నుంచి అనంతగిరి దాకా కొండ మీదికి సైకిల్ పోటీ ఉంటుంది. పొద్దున్న ఆరింటికి బయల్దేరి పదకొండు లోపల పైకి చేరాలి. అందరికంటే వెనక ఒక వ్యాను నత్తనడకన వస్తుంది. ఇక నావల్ల కాదు బాబోయ్ అని కాలు కింద పెట్టినవాళ్లని సైకిల్‌తో సహా ఎక్కించుకోవడం దాని పని. పోయినేడాది వనజాక్షి గారు సగం కొండెక్కి, ఒక పెద్ద మలుపు దగ్గర కాళ్లు కదలక దిగిపోయి, ఆ వ్యాను ఎక్కింది. అంతే, ఊరికి పండగైపోయింది. మర్నాటి నుంచి ఆవిడ పేరు వ్యానమ్మ. ఆ మలుపు పేరు వ్యాను మలుపు. కొన్నాళ్లకి పక్క ఊరి నుంచి ఎవరో పెద్దావిడ జాకెట్ల గుడ్డ పట్టుకుని వచ్చి, "వ్యానమ్మ గారి కొట్టు ఇదేనా తల్లీ?" అని ఎంతో మర్యాదగా అడిగిందట. అదే ఆవిడ అసలు పేరనుకుంది పాపం. వనజాక్షి గారు కొలతలు తీసుకుని, ఆవిడని పంపించి, షట్టరు దించి ఏడ్చింది. ఈసారి కూడా వ్యాను ఎక్కితే సైకిల్‌ని అటకెక్కించేస్తానని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

అక్కడి నుంచి ఆవిడ సాధన చూడాలి! ఎండ లేదు, వాన లేదు. ప్రతి ఆదివారం చీకటితోనే బయల్దేరి బొడ్డవర నుంచి ఆ మలుపు దాకా ఎక్కేది. అక్కడ దిగి, మలుపు పిట్టగోడ మీద టైలరింగ్ సుద్దతో ఒక గీత గీసి, వానకి చెరిగిన పాత గీతలు దిద్ది, సీసాలో నీళ్లు తాగి, వెనక్కి తిరిగేది. ఆయాసం లేకుండా ఆ మలుపు చేరిన రోజున కొండ తన చెప్పుచేతల్లోకి వచ్చినట్టేనని ఆవిడ లెక్క. లెక్క బాగానే ఉంది. కానీ ఎన్ని గీతలు గీసినా ఆయాసం తగ్గలేదు. కింద దారంతా గాలిలా వచ్చే మనిషి, ఆ మలుపు కంటబడేసరికి తడిసిన గోనెసంచిలా అయిపోయేది. పోటీ ఇంక ఆరు వారాలుందనగా, మాస్టారి ఎదుట నిలబడి అడిగేసింది.

"మాస్టారూ, ఇంత సాధన చేశాను కదా. అక్కడికెళ్లేసరికే నా కాళ్లు ఎందుకు చచ్చుబడిపోతున్నాయి? ఇంకా ఎంత తొక్కాలి? ఏం తినాలి? ఏటి చెయ్యాలో చెప్పండి, ఏదైనా చేస్తాను."

మాస్టారు ఆవిడ కళ్లలోకి చూసి, "రేపు పొద్దున్న సంతకి రా" అన్నారు.

సంత అనేసరికి మేము తిండి సంగతే అనుకున్నాం. ఏ బీట్‌రూట్లో ఖర్జూరాలో కొనిపిస్తారని ఆవిడ పెద్ద సంచీ తెచ్చుకుంది. తేరగా వస్తే నాక్కూడా నాలుగు పడతాయని నేనూ వెనకాలే వెళ్లాను. సంత మహా సందడిగా ఉంది. అరటిపళ్ల ఎర్నాయుడు ఒక అత్తం పళ్లు పైకెత్తి ఎవరితోనో బేరమాడుతున్నాడు. టీ కొట్టతను ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి బారెడు ఎత్తు నుంచి టీ పోస్తున్నాడు. మాస్టారు వీటిలో వేటినీ పట్టించుకోలేదు. తిన్నగా సంత నడిమధ్యకి వెళ్లి, జేబులోంచి పాత ఇత్తడి విజిలు తీసి, బుగ్గలు పూరించి పొడుగ్గా ఒక్క ఊపు ఊదారు.

ఓలమ్మో, ఆ దృశ్యం నేను బతికున్నంత కాలం మరిచిపోను! సగం సంత కొయ్యబారిపోయింది. ఎర్నాయుడి చెయ్యి అత్తంతో సహా గాల్లోనే ఉండిపోయింది. టీ కొట్టతను గ్లాసు నిండి టీ పొర్లిపోతున్నా అలాగే నిటారుగా నిలబడ్డాడు. అటుగా వెళ్తున్న హెడ్ కానిస్టేబులు రెండు మడమలూ దగ్గరికి చేర్చి ఛాతీ విరిచాడు. నేనా? నేను బురదగుంట దాటబోతూ ఒక కాలు ఎత్తి ఉన్నాను, ఆ కాలు దించలేదు. మా హైస్కూల్లో పొడుగు విజిలంటే ఉన్నవాడు ఉన్నచోటే ఆగిపోవాలి. ముప్పై ఏళ్లయినా ఆ సంతలో మాస్టారి దగ్గర చదివిన ప్రతి మగాడూ, ప్రతి ఆడదీ ఆగిపోయారు. తిరుగుతున్నవాళ్లు పొరుగూరివాళ్లు, రెండు గేదెలు, మా వనజాక్షి గారు. ఆవిడ ఈ ఊరి బళ్లో చదవలేదు కదా, సంచీ పట్టుకుని బిత్తరపోయి చూస్తోంది.

మాస్టారు మళ్లీ పొట్టిగా ఊదారు. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలి ఘొల్లున నవ్వేశారు. నా కాలు మాత్రం బురదలోనే దిగింది. మాస్టారు ఎర్నాయుడి దగ్గరికెళ్లి, "ఒరే, ఎందుకాగిపోయావురా? ఇప్పుడు నేను నీకు మాస్టార్నా ఏమన్నానా?" అని అడిగారు.

ఎర్నాయుడు బుర్ర గోక్కున్నాడు. "ఏటో మాస్టారూ, నాకేటీ తెల్దు. నా కాళ్లకి తెలుసున్నట్టుంది."

అప్పుడు మాస్టారు వనజాక్షి గారి వైపు తిరిగారు.

"ఆ మలుపు దగ్గర నువ్వెన్ని ఆదివారాలు విజిలు ఊదావమ్మా?"

ఆవిడ పెదాలు కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటోందని నాకర్థమైంది. గోడ మీది సుద్దగీతలు లెక్కపెట్టుకుంటోంది. తర్వాత ఆవిడ ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. "నలభై ఒకటి!" అని సంతంతా వినబడేలా అరిచింది. నా వయసుకి నేను సిగ్గుపడాలి గానీ, నాకూ గెంతాలనిపించింది.

ఆ ఆరు వారాలూ పద్ధతి మారిపోయింది. పొద్దున్నే కొండ మీదికి కూరగాయల కోసం ఖాళీగా వెళ్లే ఆటోలో ఆవిడనీ సైకిల్‌నీ ఎక్కించి, వ్యాను మలుపుకి వంద గజాలు కిందగా దింపించేవారు మాస్టారు. తొక్కడం అక్కడ మొదలు. తను స్కూటరు మీద ముందుకెళ్లి ఏ చెట్టు చాటునో నిలబడేవారు. ఆయన విజిలు ఊదితేనే ఆవిడ దిగాలి. ఒకసారి కాఫీ తోటల దగ్గర ఊదేవారు, ఒకసారి అక్కడికి మైలు అవతల ఊదేవారు, ఊదిన చోట మళ్లీ ఊదేవారు కాదు. అనంతగిరిలో పోటీ ముగిసే గీత దాకా మాత్రం ఒక్కనాడూ రానివ్వలేదు. "ఒక్కసారి పైదాకా వెళ్లనివ్వండి మాస్టారూ, నమ్మకం కుదుర్తుంది" అని ఆవిడ బతిమాలినా వినలేదు. పోటీకి ముందురోజు సాయంత్రం ఒక్క మాట చెప్పారు: "రేపు విజిలు నా దగ్గరే ఉంటుంది. నేను ఊదేదాకా దిగకు."

పోటీ రోజు వచ్చేసింది. మంచు, చలి, డప్పులు, నూటిరవై సైకిళ్లు. ఇక్కడ నా ఘనకార్యం కూడా చెప్పుకోవాలి. బలం కోసమని పొద్దున్నే నాలుగు పెసరట్లు ఉప్మాతో సహా తిన్నాను. నాలుగో మలుపు దగ్గర డొక్కలో పట్టేసింది. వ్యాను ఎక్కాను. నడిపే ఆయన పేరు దేముడు. "రండి బాబూ, కూకోండి. ఇయ్యేళ బోణీ మీరే" అన్నాడు. తర్వాత ఇంకో ఐదుగురు ఎక్కారు. ఎనిమిదిన్నర దాటేసరికి వ్యాను ముందు కనుచూపు మేరలో ఒక్క సైకిలే మిగిలింది. అది వనజాక్షి గారిది.

అలా ఆవిడ వెనకే పది గజాల దూరంలో, ముందు సీట్లో కూర్చుని అంతా చూశాను. పెద్ద మలుపు కనబడింది. పిట్టగోడ మీద నలభై ఒక్క తెల్లగీతలూ వరసగా కనబడ్డాయి. ఆవిడ భుజాలు కుంగాయి. ఎడమకాలి మడమ పెడల్ మీంచి పక్కకి జారింది. పోయినేడాది కూడా సరిగ్గా అలాగే జారిందని దేముడు నాకు ముందే చెప్పాడు. "అయిపోనాది బాబూ, దిగిపోతారు" అన్నాడు. నేను తలుపు అంచు పట్టుకుని బిగుసుకుపోయాను. తొక్కమ్మా, తొక్కు, నీకు పుణ్యముంటుంది తొక్కు అని లోలోపల మొక్కుతున్నాను. ఆవిడ తలెత్తి మలుపుని చూడలేదు, గీతల్నీ చూడలేదు. మెడ కొద్దిగా పక్కకి వంచి దేనికోసమో వింటోంది. పైనుంచి ఏ విజిలూ రాలేదు. జారిన మడమ మళ్లీ పెడల్ మీదికి వచ్చింది.

సరిగ్గా అప్పుడు మా వ్యాను కీచుమని ఆగింది. "ఏమైందయ్యా?" అన్నాను కంగారుగా. దేముడు తన కాలి వంక చూసుకుంటున్నాడు, బ్రేకు మీదుంది. "ఏటో బాబూ, ఇక్కడెప్పుడూ ఎవరో ఒకరు ఎక్కుతారు కదాని కాలు అదే ఏసేసింది" అన్నాడు. వ్యాను మలుపులో వ్యాను ఆగింది, వనజాక్షి గారు ఆగలేదు. మేము బండి మళ్లీ స్టార్టు చేసేసరికి ఆవిడ మలుపు తిరిగి కనబడకుండా పోయింది! వ్యానులో ఓడిపోయిన ఆరుగురమూ గెలిచినట్టు కేకలు పెట్టాం. "పోనియ్యవయ్యా దేముడా, పోనియ్యి" అని నేను డాష్‌బోర్డు బాదేశాను.

అనంతగిరిలో ముగింపు గీత దగ్గర తోరణం, జనం, మైకు. మాస్టారు గీత పక్కనే విజిలు నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నారు. పదకొండుకి ఆరు నిమిషాలుందనగా వనజాక్షి గారు గీత దాటింది. చప్పట్లు, డప్పులు, ఎవరో విడిపూలు కూడా చల్లారు. మేము వ్యాను దిగి పరుగెత్తాం. తీరా చూస్తే ఆవిడ సైకిల్ ఆగలేదు! తోరణం దాటింది, టీ కొట్లు దాటింది, అరకు వైపు పోయే రోడ్డు మీద ఊగుతూ వెళ్లిపోతోంది. పతకం పట్టుకున్న నిర్వాహకుడు, "అమ్మా, అయిపోయిందమ్మా! ఆగండమ్మా!" అని కేకలేస్తూ వెంట పరుగెత్తాడు. ఆవిడకి వినబడితే కదా. పాపం ఆయన రొప్పుతూ వెనక్కొచ్చి మాస్టారిని పట్టుకున్నాడు.

"మాస్టారూ, మీరు విజిలేస్తేనే దిగుతారంట కదండీ ఆవిడ. ఓసారి ఊదండి, మీకు దణ్ణం పెడతాను."

మాస్టారు నోట్లోంచి విజిలు తీశారు. పంచె చెంగుతో తుడిచి జేబులో వేసుకున్నారు. ఆ దూరంగా పోతున్న సైకిల్‌నే చూస్తూ అన్నారు:

"ఊదితే ఆగిపోతుందండీ."