చేతులు కడిగే నియమం

ఒకరి ఓడను మరొకరు ఆపకూడదు. సముద్రం ఒడ్డున ఉన్న రాజ్యాలన్నీ మూడు తరాలుగా ఈ కట్టుబాటు మీదే నడిచాయి. అది ఏర్పరచింది వజీరు ఖుద్దూస్ కొలువు చేస్తున్న సుల్తానుగారి తాత. ఇప్పుడు తూర్పున రెండు కొత్త రాజ్యాలు బలపడ్డాయి. కట్టుబాటు మళ్ళీ రాసుకుందాం, సభలో మాకూ చోటివ్వండి అంటున్నాయి.

ఖుద్దూస్‌కు కంటిమీద కునుకు లేదు. కాదంటే యుద్ధం. ఔనంటే తలవంపులు. సుల్తాను అతని సలహా కోసమే ఎదురుచూస్తున్నాడు. దిక్కుతోచక, కొండ మీద ఉంటున్న తన గురువు, ఫకీరు యాకుబ్ షా దగ్గరికి వెళ్ళి గోడు వెళ్ళబోసుకున్నాడు. కొత్తవాళ్ళకు పద్ధతి తెలియదన్నాడు. మాట మీద నిలబడరన్నాడు. తమ సుల్తాను కూడా అవసరం పడి కొన్ని ఓడలు ఆపించిన మాట నిజమేగాని, ఆ సంగతి వేరన్నాడు.

గురువు అంతా విని, ముందు భోంచేద్దామన్నాడు.

అక్కడ ఎంతటివాళ్ళైనా చేతులు కడుక్కున్నాకే బంతిలో కూర్చోవాలి. ఖుద్దూస్ నేరుగా వెళ్ళి గురువు కుడిపక్కన కూర్చున్నాడు. వజీరు అయినప్పటినుంచీ అతనిది అదే అలవాటు. అడిగినవాళ్ళు లేరు.

అంతలో గుర్రాల వర్తకులు ఇద్దరు దారి దుమ్ముతో గుమ్మంలోకి వచ్చి, మాకూ ఇంత చోటుందా అని అడిగారు.

"ముందు చేతులు కడుక్కోండి. ఇక్కడ నియమం ఉంది," అన్నాడు ఖుద్దూస్.

గురువు లేచి చెంబూ పళ్ళెమూ అందుకున్నాడు. గుమ్మం వైపు వెళ్ళలేదు. ఖుద్దూస్ ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"చేతులు పట్టు, నాయనా."

బంతిలో ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు. వజీరుగారి చేతులకు దుమ్ము అంటదనుకున్నానే అని ఒక వర్తకుడు పక్కవాడితో గొణిగాడు. ఖుద్దూస్ చాలాసేపటికి చేతులు చాచాడు. పళ్ళెంలో పడ్డ నీళ్ళు నల్లగా ఉన్నాయి.

అది చూసి వర్తకులిద్దరూ, ఎవరూ పిలవకుండానే వచ్చి చేతులు పట్టారు. ఖుద్దూస్ గురువు చేతిలోని చెంబు తీసుకుని తనే నీళ్ళు పోశాడు. తర్వాత జరిగి చోటిచ్చాడు.

సెలవు తీసుకునేటప్పుడు ఖుద్దూస్ అడిగాడు.

"సుల్తానుకు ఏం చెప్పమంటారు, బాబా?"

"నీళ్ళు మొదట ఎవరి చేతుల మీద పడ్డాయో చెప్పు," అన్నాడు యాకుబ్ షా.