నోరాగని చైతి, మంచుకొండ పువ్వు

అనగనగా ఒక ఊళ్ళో కాదే బుజ్జీ, ఊళ్ళన్నిటికీ పైన, మబ్బులు గుమ్మంలోకి వచ్చిపోయేటంత ఎత్తులో ఒక కొండపల్లె. ఆ పల్లెలో చైతి అని ఒక పిల్ల. అచ్చం నీలాగే వసపిట్ట!

ఆ కొండకొమ్మున బ్రహ్మకమలాలు పూస్తాయి. మన డాబా మీద కుండీలో పూస్తే వీధి వీధినంతా కేకేసి చూపించుకుంటామే, ఆ పువ్వు కాదు. ఇది మంచు పక్కన రాళ్ళ సందుల్లో పూసే అసలుది. దాని దగ్గర గుసగుస కూడా పనికిరాదు. నోరెత్తారో, ఆ వాలులో ఆ ఏడు పువ్వు కోయకూడదు.

ఎందుకంటావా? ఆ కొండదేవత నందమ్మ ఆ పల్లె ఆడపడుచు. శివుణ్ణి చేసుకుని మంచుకొండకు కాపురానికి వెళ్ళింది. ఏటా పండక్కి పుట్టింటికొస్తుంది. "బయల్దేరానమ్మా" అని ఆవిడ పంపే కబురే ఆ పువ్వు. కబురు మోసేవాళ్ళు మధ్యలో తమ మాటలు కలపకూడదట! పువ్వు గుడికి చేరితేనే డోలు మోగుతుంది. డోలు మోగితేనే చుట్టుపక్కల ఊళ్ళ అత్తలు కోడళ్ళను పుట్టిళ్ళకు పంపిస్తారు.

చైతికి ఒక అక్క, సరూలి. కొండకు అటువైపు ఊళ్ళో ఇచ్చారు. పోయినేడు వానలకు దారి తెగిపోయింది. పువ్వు రాలేదు, డోలు మోగలేదు, అక్క రాలేదు. వాళ్ళమ్మ పండగ వంట చేసి కూడా ముద్ద ముట్టలేదు.

అందుకే ఈ ఏడు చైతి పట్టుబట్టింది. "పువ్వుకు నేనూ వస్తా మామా!" ఏటా పువ్వు తెచ్చేది మంగ్లూ మామే. పాపం చూపు మందగించింది, తోడు కావాల్సిందే.

"వస్తే రా. పైన మాత్రం నోటికి తాళం!" అన్నాడు.

పండగనాడు తెల్లారగానే చెప్పుల్లేకుండా కొండెక్కారు. ముందు ఒక జింక, వెనకాలే దాని బుల్లి పిల్ల! చైతి పెదవి కొరుక్కుంది. ఆ తర్వాత కాళ్ళ కింద, అవునే కాళ్ళ కిందే, లోయలో ఇంద్రధనుస్సు! శాలువా కొస నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత కొండకొమ్ము చేరారు. వాలంతా పువ్వులే! దోసిలి పట్టినట్టు ఒక్కోటీ ఇంతింత! చైతి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గెంతింది, గిరగిరా తిరిగింది.

అప్పుడు, ఊ కొడుతున్నావా, అప్పుడు పొగమంచు కమ్ముకుంది. మామ పువ్వు కోసం వంగి, తడుముకుంటూ తడుముకుంటూ కొండ అంచుకే పోతున్నాడు! పరిగెత్తితే అందడు. అరిస్తే పువ్వు దక్కదు, అక్క రాదు.

"మామా! ఆగు!"

కొండలన్నీ ఆ కేకను అందుకున్నాయి. మామ ఆగాడు. ఆయన కాలి ముందు రాయి దొర్లి లోయలో పడింది. మామ చైతిని గుండెకు హత్తుకున్నాడు. ఖాళీ బుట్టతో దిగారు.

గుడి ముందు ఊరంతా చేరి ఉంది. డోలాయన డోలు భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"పువ్వేదే?" అంది అమ్మ.

వసపిట్ట ఖాళీ బుట్ట బోర్లించి చూపించింది. కళ్ళనీళ్ళు జలజలా కారిపోయాయి.

అప్పుడు పై దారిలో ఎవరో పరుగున దిగుతున్నారు. కాళ్ళకు చెప్పుల్లేవు, కొంగు నిండా పువ్వులు. అక్క! సరూలి అక్క!

"నీ కేక మా వాకిట్లోకి వినపడిందే! 'అది మీ చెల్లి గొంతే, ఏమైందో ఏమో, పరిగెత్తు' అని మా అత్తగారే పంపింది. కేక పడిందిగా, మీకిక పువ్వు దక్కదని దారిలో మా వైపు వాలులో కోశాను, నోరెత్తకుండా" అంది రొప్పుతూ.

డోలాయన తెల్లమొహం వేశాడు. డోలు మోగందే ఆడపడుచు వచ్చేసింది, పువ్వూ తనే తెచ్చేసింది! ఇప్పుడు వాయించాలా, మానాలా?

"నందమ్మ మాత్రం ఎవర్రా, మన పిల్ల కాదూ? పుట్టిల్లు కేకేసింది, పిల్ల పువ్వు పట్టుకుని వచ్చింది. వాయించు!" అని కసిరింది ఊళ్ళోకెల్లా పెద్ద ముసలమ్మ.

ఇక చూడవే ఆ డోలు మోత! అమ్మ ఆ పూట అక్కను పక్కన కూచోబెట్టుకుని కడుపునిండా తింది.

అప్పట్నుంచీ ఆ పల్లెవాళ్ళు పువ్వు కోసేదాకా పెదవి కదపరు. కోశాక మాత్రం కొమ్ము మీద చైతిలాంటి ఒక వసపిట్టను నిలబెడతారు. అది గొంతు చించుకుని "అక్కా!" అని అరుస్తుంది. అన్ని లోయల్లోనూ అక్కలు మూటలు సర్దుకుంటారు.

పువ్వేమో గుడికి, అక్కేమో అమ్మ ఒడికి,
కథేమో కంచికి, మనమేమో మంచానికి!