పేరు లేని చుక్క

ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో ఇప్పుడు కచ్చితంగా చెప్పలేను. మందాకిని స్వయంగా చెప్పిందనే చాలాకాలం అనుకున్నాను. కానీ ఆ మేడమీది గది, కిటికీలోంచి వచ్చే ఉప్పుగాలి, బల్లమీద ఉడికించిన వేరుశనక్కాయల వాసన ఎంత స్పష్టంగా గుర్తున్నాయంటే, ఏదో ఒక మూల నేనూ కూర్చుని ఉన్నానేమోనన్న అనుమానం వస్తుంది. అది వేసవి అని రాయబోయి ఆగిపోయాను. వేసవి కాకపోవచ్చు. మాటలు మాత్రం సరిగానే గుర్తున్నాయని నమ్ముతున్నాను. అది నమ్మకమే గాని, రుజువు కాదు.

మందాకిని బాపట్లలో ఇంట్లోనే కూర్చుని భవనాల ప్లాన్లు గీసి, ఎక్కడో ఉన్న ఒక కంపెనీకి పంపుతూ బతికేది. పని బాగా చేసేది. ఆ పనికి మనుషులతో మాట్లాడవలసిన అవసరం లేదు. కొన్ని రోజులు పాలవాడితో అన్న మాట తప్ప ఆమె నోటి నుంచి మరో మాట వచ్చేది కాదు. ఆ సంగతి ఆమెకు సాయంత్రం ఎప్పుడో తట్టేది. 

చిన్నప్పటి నుంచి ఆమెకు విమానాల పిచ్చి. చూపు తక్కువ కావడం వల్ల నిజం విమానం దక్కలేదు. అందుకని యుద్ధవిమానాన్ని కంప్యూటర్‌లో అచ్చం నిజంలా నడిపించే సిమ్యులేటర్ ఒకటి పెట్టుకుంది. చేతికి జాయ్‌స్టిక్, కాళ్ల కింద పెడళ్లు, ఎదురుగా తెర.

ఆ ఆటలో రెండు ఆకాశాలుంటాయి. ఒకదానిలో మిగతా విమానాలన్నిటినీ యంత్రమే నడుపుతుంది. అక్కడ ప్రతి విమానం పక్కనా రంగు అక్షరాలు కనబడతాయి: ఎర్రనివి శత్రువులు, నీలివి మనవాళ్లు. రెండోది ఆన్‌లైన్ ఆకాశం. అక్కడ ప్రతి విమానంలోనూ ఎక్కడో ఒక ఊళ్లో కూర్చున్న మనిషి ఉంటాడు. అక్కడ రంగులుండవు, అక్షరాలుండవు. దూరంగా ఒక నల్లని చుక్క మాత్రం ఉంటుంది.

మొదటి ఆకాశంలో మందాకినికి ఎదురులేదు. రెండో ఆకాశంలోకి ఆమె ఒక్కసారే వెళ్లింది. వెళ్లిన కాసేపటికి ఒక చుక్క మీదికి వస్తున్నట్టు కనిపించింది.  వేలు దానంతటదే తుపాకీ మీట నొక్కింది. ఆ విమానం మంటలు కక్కుతూ సముద్రంలో పడిపోయాక గాని, అది తను చేరిన తెలుగు బృందంలోనే, తన ముందు దారి చూపుతున్న తాండవకృష్ణ విమానమని ఆమెకు తెలియలేదు.

తాండవకృష్ణకు తెనాలిలో మందుల షాపుంది. ఆయన కోప్పడలేదు. "చూశారా, శత్రువులంతా కలిసి ఏడాదిగా చెయ్యలేని పని మన ఆడపడుచు ఒక్క తూటాతో చేసేసింది!" అని ఆట రేడియోలో పెద్దగా నవ్వాడు. అందరూ నవ్వారు. అందులో విషం ఏమీ లేదు. అయినా మందాకిని హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టేసింది. తర్వాత రోజూ ఆ సర్వర్ తెరిచేది, లోపల ఎగురుతున్నవాళ్ల పేర్లు చదివేది, మూసేసేది.

చివరికి ఆమె మీరావలి గారి దగ్గరికి వెళ్లింది. ఆయన వైమానిక దళంలో కుర్రాళ్లకు విమానం నేర్పి రిటైరైన మనిషి. ఊరి చివర మేడమీద గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని, ఈ తెలుగు బృందంలో కొత్తగా చేరేవారికి ఇప్పటికీ నేర్పుతున్నాడు.

"భయం లేకుండా ఎగరడం నేర్పండి సార్" అంది మందాకిని. "అది రాకపోతే ఈ జాయ్‌స్టిక్ ఎవరికైనా ఇచ్చేస్తాను. ఎప్పటికీ యంత్రాల మధ్యే ఉండిపోలేను."

 మీరావలి గారు తెర చూపించి, "ఏదీ, నీ ఆట చూపించు" అన్నాడు.

ఆమె యంత్రాలతో పోరాడింది. వచ్చిన విమానాన్ని వచ్చినట్టు కూల్చింది. ఆయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చూశాడు.

"బాగా కొట్టావు. ఎవరు వాళ్లు?"

"ఎవరూ కాదు సార్. యంత్రమే కదా."

"ఊఁ" అన్నాడాయన. చెయ్యి చాపి ఒక మీట నొక్కాడు. తెరమీద రంగు అక్షరాలన్నీ మాయమయ్యాయి. "రేపటి నుంచి ఇలాగే."

రంగులు పోయాక ఆ ఆకాశం మందాకినికి పరాయిదైపోయింది. ఎక్కడ చూసినా ఖాళీ. ఖాళీ అనుకున్న చోటే ఒక మచ్చ. అది విమానమో, తెరమీద ధూళో తెలిసేది కాదు. రెక్కల ఆకారం చూసి మనవాడో పరాయివాడో పోల్చుకోవడం ఆయన నేర్పాడు. కానీ రెక్కలు ఆనవాలు పట్టేంత దగ్గరికి వచ్చేసరికి అవతలివాడి తూటాలూ వచ్చేస్తాయి. ఆలోగా తెలుసుకోవాలంటే దారి ఒకటే. రేడియో మీట నొక్కి, తనవాళ్లను అడగాలి. మందాకిని బొటనవేలు ఆ మీట దాకా వెళ్లి ఆగిపోయేది.

ఆ బృందంలో ఒక ఆచారం ఉంది. కొత్తవారు మొదటిసారి అందరితో ఎగిరే రోజున వెనక ఉండరు, ముందుంటారు. గురువు వారి వెనక జోడీగా ఎగురుతాడు. దారి చూపవలసింది కొత్తవారే. ఇది విన్నప్పటి నుంచి మందాకినికి అన్నం సహించలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. హెడ్‌సెట్ పెట్టుకోబోతూ మీరావలి గారు, "ఇది పెట్టుకున్నాక ఈ గదిలో నేను చెవిటివాణ్ణమ్మా. ఏం చెప్పినా పైన, రేడియోలో చెప్పు" అన్నాడు.

రేడియోలో అప్పటికే సందడిగా ఉంది.

"ఎవరూ, మందాకినమ్మేనా? ఇవాళ నా తోక నాకే ఉంచుతావా తల్లీ?" అన్నాడు తాండవకృష్ణ.

"సార్, జోడీగా వెళ్తున్నారు, ఇన్సూరెన్స్ కట్టారా?" అన్నాడు మరొకతను, కాకినాడ జోసెఫ్.

"కట్టాల్సింది నువ్వురా, ముందు ఆ పాడు మైకు బాగుచేయించుకో, సగం మాటలే వస్తున్నాయి" అన్నాడు తాండవకృష్ణ. అందరూ నవ్వారు. మందాకిని బొటనవేలు మీట మీంచి వెనక్కి వచ్చేసింది.

విమానాలు లేచాయి. తీరం దాటాయి. కింద సముద్రం, పైన ఎండ, రెండింటి మధ్యా ఏ గుర్తూ లేని తెలుపు. ఇంజను మోత చెవుల్లో ఒకే తీరుగా గిర్రున తిరుగుతోంది.   వెనక అద్దంలో మీరావలి గారి విమానం తన నీడలా వస్తోంది.

అప్పుడు కనిపించింది. నీటి మీద, చాలా దూరంలో, ఒక చుక్క.

ఆమె రెప్ప వేసింది. లేదు. మళ్లీ ఉంది. ఈసారి కొంచెం పెద్దది.

"సార్" అంది గదిలో. ఆయన కదలలేదు. "సార్, ఎవరది? మీకు కనబడుతోందిగా? చెప్పండి సార్!"

ఆయన ఆమె వైపు ఒకసారి చూశాడు. తర్వాత తన కళ్లద్దాలు తీసి, మడిచి, బల్లమీద పెట్టాడు.

అద్దాలు లేని ఆ ముఖం ఆమె ఎప్పుడూ చూడలేదు. కళ్లు చిన్నవిగా, దిక్కులేనివిగా ఉన్నాయి. ఆయన వాటిని తెరవైపు తిప్పి, రేడియో మీట నొక్కాడు.

"నాకు కనబడటం లేదమ్మా" అన్న మాట ఆమె చెవుల్లోకి ఆకాశం నుంచి వచ్చింది. "మసక మసకగా నీ విమానం ఒక్కటే ఆనుతోంది. నేనెటు పోతున్నాను?"

రేడియోలో నవ్వులు ఆగిపోయాయి.  జవాబు చెప్పగలిగినవాళ్లు మరెవరూ లేరు. మిగతావాళ్లంతా ఎక్కడో దూరంగా ఉన్నారు.

అద్దంలో ఆయన విమానం ఒక పక్కకు ఒరిగి, మెల్లగా ఆమె రెక్క మీదికి వస్తోంది. ఇంకొంచెం వస్తే రెక్కకు రెక్క తగులుతుంది. ఇద్దరూ పోతారు.

"అద్దాలు పెట్టుకోండి సార్! మీకు దణ్ణం పెడతాను!" అంది గదిలో.

ఆయన హెడ్‌సెట్‌ను వేలితో తట్టి, వినబడటం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ వేలు వణకడం ఆమె చూసింది. నటన కాదది.

ఆమె బొటనవేలు మీట మీద పడింది.

"కుడికి... కొంచెం కుడికి జరగండి సార్. ఇంకొంచెం. చాలు." తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. పగిలి, సన్నగా, భయంతో నిండి, అందరికీ వినిపించేంత స్పష్టంగా.

"జరిగాను. ఇంకేం కనబడుతోంది?"

"ముందు... నీళ్ల మీద ఒక చుక్క. మన వైపే వస్తోంది."

"ఎవరు?"

 ఆనాడు తాండవకృష్ణను కూల్చేముందు ఆమె నోట రాని మాట ఒకటుంది. అది ఇప్పుడు వచ్చింది.

"నాకు తెలీదు" అంది. తర్వాత, ఇంకొంచెం గట్టిగా, "తెలీదండీ. మనవాళ్లెవరైనా ఇటున్నారా?"

"నేను కాదమ్మా. నేను ఉత్తరాన ఉన్నాను" అన్నాడు తాండవకృష్ణ. ఆ గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు.

"నేనూ కాదు" అన్నారు ఒకరు. "నేనింకా నేలమీదే ఉన్నాను" అన్నారు మరొకరు.

"జోసెఫ్? ఒరే జోసెఫూ!" అని పిలిచాడు తాండవకృష్ణ.

జవాబు లేదు. అవతల గరగరమన్న చప్పుడేదో వచ్చినట్టయింది. వచ్చిందో లేదో.

చుక్కకు రెక్కలు మొలిచాయి. ఎండ దాని వెనక ఉంది. ఆకారం కరిగిపోతోంది తప్ప ఆనడం లేదు. జోసెఫ్ కావచ్చు. వాడి మైకు పాడైంది కదా. కాకపోవచ్చు. తుపాకీ గురి దానంతటదే దాని మీద కుదురుకుంది. చూపుడువేలు మీట మీద ఉంది. నొక్కితే ఈ క్షణం ముగుస్తుంది. ముగిసిపోవాలని ఆమె ఒళ్లంతా అరుస్తోంది. నొక్కకపోతే, అది పరాయివాడిదైతే, ముందు తను పోతుంది. తన వెనకే చూపులేని ముసలాయన పోతాడు.

ఆమె చూపుడువేలు తీసేసింది.

జాయ్‌స్టిక్‌ను ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు వంచింది. నేను మీవాణ్ణే అని చెప్పడానికి విమానాలు నడిపేవాళ్లు రెక్కలూపుతారు. ఊపినంతసేపూ తన విమానం పొట్ట అవతలివాడికి గురిగా ఉంటుందని ఆమెకు తెలుసు. వెనక అద్దంలో మీరావలి గారి విమానమూ, ఎందుకో తెలియకుండానే, ఆమె ఎలా ఊపితే అలా ఊగింది.

ఎదుటి విమానం పెరిగింది. తెరంతా అదే అయింది. దాని నీడ ఆమె ముఖం మీదుగా పోయినట్టనిపించి కళ్లు మూసుకుంది.

మోత నెత్తిమీదుగా వెనక్కి వెళ్లిపోయింది. తూటా ఏదీ పేలలేదు.

తిరిగి వచ్చేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంది. ఎంత ఎత్తులో ఉన్నామో, తీరం ఎటుందో, ఎప్పుడు చక్రాలు దించాలో ఒక్కొక్కటే చెప్పింది. ఆయన 'సరేనమ్మా' అంటూ ఒక్కొక్కటే చేశాడు. ఇద్దరి విమానాలూ నేల తాకాక ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. 

"భయం పోలేదు సార్" అంది.

మీరావలి గారు అప్పటికే హెడ్‌సెట్ తీసేశాడు. అరచేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"భయం పోయినవాళ్ల వెనక నేనెగరనమ్మా" అన్నాడు.

 రేడియోలో తాండవకృష్ణ ఎవరినో కేకలేస్తున్నాడు, మళ్లీ ఎవరు లేస్తున్నారని అడుగుతున్నాడు.  మందాకిని కుర్చీ ముందుకు లాక్కుని, మీట నొక్కి, "నేను లేస్తున్నాను" అంది.

ఆ విమానం ఎవరిదో ఆమెకు ఆ సాయంత్రమే తెలిసింది. నాకూ తెలుసు. రాయడానికి ఒక్క పేరు చాలు. కావాలనే రాయలేదు. రెక్కలు ఊపినప్పుడు ఆమెకు ఎంత తెలుసో, చదివేవారికీ అంతే తెలియనివ్వాలనిపించింది.