శేరు తవుడుకు కొన్న కొడుకు

ముంజేటివారికి తెలివి ఎక్కువ. ఈ సంగతి ఊళ్ళో ఇంకెవరూ చెప్పరు కాబట్టి వాళ్ళే చెప్పుకుంటారు. పెద్దవాడు తవిటయ్యకు యాభై రెండేళ్ళు. పొయ్యి మీది పాలు చూస్తూ ఉండరా అని తల్లి అచ్చియ్యమ్మ చెబితే, పాలన్నీ పొంగి పొయ్యి ఆరిపోయేదాకా కన్నార్పకుండా చూశాడు. తమ్ముడు సన్నాసి ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. ఇడ్లీ తిన్నాక మాత్ర వేసుకోమని డాక్టరు చెబితే, ఇంట్లో అట్లు పోశారని వారం రోజులు జ్వరంతోనే పడుకున్నాడు.

"ఇంత తెలివి మనకి ఎవరి నుంచి వచ్చిందో రాసి పెట్టాలిరా," అన్నాడు తవిటయ్య ఒకరోజు. "తాత, ముత్తాత, పుట్టిన తేదీలు, అన్నీ. లేకపోతే మన తరవాతోళ్ళు ఇదంతా వాళ్ళ సొంతమే అనుకుంటారు."

అంతే, పంచాయతీ ఆఫీసుకు బయల్దేరాడు.

గుమాస్తా కామేశం పాత జననాల రిజిస్టరు దుమ్ము దులిపి, "ముందు మీదే చూద్దాం," అని పేజీలు తిప్పాడు. ఆ కాలపు మునసబు కంటపడిందల్లా రాసే రకంలా ఉన్నాడు. అచ్చియ్యమ్మకు మగబిడ్డ. మూడో కానుపు. ముందు ఇద్దరూ దక్కలేదు. ఆ పక్కన చిన్న అక్షరాలతో, 'బిడ్డను పొరుగింటి బంగారమ్మ శేరు తవుడుకు కొనుక్కున్నది.'

తవిటయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు.

"కంగారు పడకండి," అన్నాడు కామేశం. "పిల్లలు దక్కని ఇళ్ళల్లో ఇదో ఆచారం. బిడ్డను చేటలో పడుకోబెట్టి తవుడుకు అమ్మినట్టు చేస్తారు. మృత్యువుకి ఆ బిడ్డ ఎవరిదో తెలియకూడదని. కొన్నావిడ గడప దాటి, వెంటనే తిరిగొచ్చి తల్లి ఒళ్ళోనే పెట్టేస్తుంది. అందుకే గదా మీకు తవిటయ్య అని పేరు."

"తిరిగి ఇచ్చినట్టు రాశారా?"

"దానికి రాతెందుకండీ?"

"కొన్నట్టు రాశారు. ఇచ్చినట్టు రాయలేదు. అంటే ఇవ్వలేదు."

యాభై రెండేళ్ళు ఆ ఇంట్లో అమ్మా అని పిలిచాడు. పిలిచినప్పుడల్లా ఆవిడ పలికింది కూడా. ఇప్పుడు ఆ పిలుపు తనది కాదట. 

తవిటయ్య ఇంటికొచ్చి, కంచం, దుప్పటి చంకలో పెట్టుకుని పొరుగింటికి నడిచాడు. బంగారమ్మ పోయి పదిహేనేళ్ళయింది. కూతురు పైడమ్మ వాకిలి ఊడుస్తోంది.

"అక్కా, నేను నీ తమ్ముణ్ణి. రిజిస్టర్లో ఉంది."

"నా చేతిలో ఏటుందో కనబడతందా?"

"కనబడతందక్కా. ఈతాకుల చీపురు. కొస అరిగిపోయింది."

"నీ బుర్రకన్నా నయమే. మా అమ్మ పోయిననాడు కొడుకుల్లేరని మా చిన్నాన్న గుండు చేయించుకున్నాడు. అప్పుడెక్కడున్నావురా తమ్ముడా?"

దెప్పితే సిగ్గుపడి పోతాడనుకుంది. ఇంకేముంది, తవిటయ్య తిన్నగా క్షవరాల కొట్టుకు పోయి గుండు గీయించుకున్నాడు, మీసంతో సహా. బయటికొచ్చేసరికి సన్నాసి ఎదురయ్యాడు.

"గుండేటన్నా?"

"అమ్మ పోయిందిరా," అని బావురుమన్నాడు తవిటయ్య.

అన్న గుండు కళ్ళెదుట కనబడుతుంటే ఇంక రుజువేం కావాలి? అంతే, సన్నాసి వీధివీధీ తిరిగి కబురు చెప్పాడు. డప్పులవాళ్ళను పిలిచాడు. పూలదండలు తెచ్చాడు. గంట తిరక్కుండా ఇంటినిండా జనం. అచ్చియ్యమ్మ వాకిట్లో గుమ్మడి వడియాలు పెడుతోంది.

"ఎవరు పోయారర్రా?"

"నువ్వేనమ్మా," అన్నాడు సన్నాసి.

"వడియాలు పెడతన్నాను గదరా."

"ఇంతమంది పనులు మానుకుని వచ్చారు. నీ ఒక్కదాని మాటే పట్టుకుంటావేటి? కాసేపు పడుకో."

ఇంతలో తవిటయ్య వచ్చాడు. ఆ గుండు చూసి అచ్చియ్యమ్మ చెయ్యి వడియం మీదే ఆగిపోయింది.

"ఎవరికోసంరా అది?"

"బంగారమ్మ కోసం. నన్ను కొనుక్కున్న తల్లి గదా. నువ్వు ఇచ్చేశావంట. ఇచ్చినప్పుడు నేను ఏడ్చానా?"

"నువ్వు నిద్రపోతన్నావు. నేను ఏడ్చాను," అంది అచ్చియ్యమ్మ. "అప్పటికి ఇద్దర్ని మట్టిలో పెట్టాను. ఆ చేట గడప దాటి తిరిగి వచ్చేదాకా నాకు ఊపిరాడలేదు."

తవిటయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ మాట రిజిస్టర్లో లేదే," అన్నాడు.

ఆవిడ పిండిచేత్తో ఆ గుండు మీద ఒక్కటిచ్చింది. అయిదువేళ్ళూ తెల్లగా అచ్చుపడ్డాయి. "పద ఆఫీసుకి. నువ్వూ రారా సన్నాసీ. ఆ దండలు పారెయ్."

"రాయి నాయనా," అంది కామేశంతో. "కొన్నట్టు ఒకడు రాసి చచ్చాడు. ఇచ్చినట్టు నువ్వు రాయి. లేకపోతే ఈ వెధవ నన్ను అమ్మా అనడు."

రిజిస్టరులో గీత కూడా పెట్టకూడదన్నాడు కామేశం. కానీ ఆవిడ మొహం చూసి తెల్లకాగితం తీశాడు. 'బిడ్డను కన్నతల్లికి తిరిగి ఇవ్వడమైనది' అని రాసి, అలవాటు కొద్దీ కింద ఆనాటి తేదీ వేశాడు. అచ్చియ్యమ్మ వేలిముద్ర వేసింది. తవిటయ్య కాగితం రెండుసార్లు చదువుకుని, "అమ్మా," అన్నాడు. "ఊ," అంది అచ్చియ్యమ్మ. పీడ వదిలిందనుకుంది.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి తవిటయ్య చతికిలబడ్డాడు.

"లేవరా, ఎండెక్కుతోంది."

"ఎలా లేస్తానే? తేదీ చూడు. ఇవాళే ఇచ్చారు. ఇవాళ్టి బిడ్డ నడుస్తాడా ఎక్కడైనా? ఎత్తుకో."

సన్నాసి కాగితం చూశాడు. తేదీ చూశాడు. జుట్టులేని ఆ తల చూశాడు.

"నిజమేనమ్మా," అన్నాడు. "అప్పుడే పళ్ళన్నీ వచ్చేశాయి కూడా. నలుగురూ చూస్తే దిష్టి తగులుతుంది. ఇంకనుంచి నన్ను అన్నా అనమను," అని ఇంటికి పరిగెత్తాడు.

తిరిగి వచ్చేటప్పుడు, ఒకదాంట్లో పట్టడని రెండు చేటలు తెచ్చాడు.