ఎర్రకారు కింద కోడి

కొత్త కారు కొన్నాక జమీందారు జగపతిరాజుగారు పాత కార్లను చవగ్గా వదిలించుకోవాలనుకున్నారు. ఆ కబురు విని మంత్రసాని సింహాలమ్మ దివాణానికి వచ్చింది. పురుళ్ళు పొయ్యడానికి ఆమె రోజూ ఊళ్ళు తిరగాలి. నడపడానికి మొగుడున్నాడు, కావలసింది దారిలో ఆగిపోని కారు.

“ఏది నచ్చితే అది తీసుకో, ధర ఒకటే,” అన్నారు రాజుగారు నలుగురూ వినేలా. తళతళలాడే ఎర్రకారును తట్టి, “ఇది మా నాన్నగారిది. ఇప్పటికీ రోజూ ఇందులోనే షికారుకు వెళ్తాను,” అన్నారు.

సింహాలమ్మ వంగి కారు కిందకు చూసింది.

“దొరగారూ, గుడ్లు పొదుగుతున్న ఈ కోడి కూడా తమతోపాటు షికారుకు వస్తుందా?”

రాజుగారు తడబడ్డారు. “అదా... ఇవాళే వచ్చి కూర్చుంది!”

అంతలో చక్రం పక్కనుంచి ఓ కోడిపిల్ల కియ్యికియ్యిమంటూ బయటికొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వాపుకోలేకపోయారు.

సింహాలమ్మ, వంటవాడు కూరగాయలు దింపుతున్న రంగు వెలిసిన కారు వైపు చెయ్యి చూపించింది.

“నాకు అదిప్పించండి దొరగారూ. దాని కింద ఏ కోడికీ కుదురుగా కూర్చునే యోగం పట్టినట్టు లేదు.”