కూనూరు గది ధర

ఉపనిషత్తులో సందేహం వస్తే భ్రమరాంబగారు పుస్తకం తెరిచి జవాబు చెప్పేవారు. బతుకులో సందేహం వస్తే పుస్తకం మూసేసి, అడిగినవాళ్ళకి ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని చేసి వచ్చాక చాలామంది మళ్ళీ ఆ సందేహం ఎత్తేవారు కాదు. సంస్కృతం లెక్చరరుగా రిటైరయ్యాక ఆవిడ భీమిలిలో తమ్ముడి ఇంట్లో ఉంటూ, ఆదివారం ఉదయాలు వరండాలో పాఠం చెప్పేవారు. శిష్యులు ఏడెనిమిది మంది. వాళ్ళలో గోవర్ధనరావు ఒకడు. విశాఖపట్నంలో ఇన్సూరెన్సు సర్వేయరు. కాలిపోయిన గోదాములకీ గుద్దుకున్న లారీలకీ నష్టం ఎంతో తేల్చి చెప్పడం అతని వృత్తి. దేనికైనా విలువ కట్టడంలో తనకి తిరుగులేదని అతని నమ్మకం.

జూన్ నెలలో ఒక ఆదివారం, పాఠం అయిపోయి అందరూ లేవబోతుండగా అతను అడిగాడు.

"అమ్మా, స్నేహితుడి దగ్గర ఎంత తీసుకుంటే న్యాయం?"

సంగతి ఇది. పదేళ్ళ కిందట ఒక హాలిడే క్లబ్బువాళ్ళు హోటలుకి పిలిచి, భోజనం పెట్టి, మూడు గంటలు కూర్చోబెట్టి అతనికి సభ్యత్వం అంటగట్టారు. కొన్ని లక్షలయింది. ఏటా కొన్ని పాయింట్లు ఇస్తారు. ఆ పాయింట్లతో వాళ్ళ రిసార్టుల్లో గదులు తీసుకోవచ్చు. ఏటా నిర్వహణ ఫీజు మాత్రం విడిగా కట్టాలి. వాడుకోకపోతే పాయింట్లు మురిగిపోతాయి. గోవర్ధనరావు పదేళ్ళలో వెళ్ళింది మూడుసార్లు. ఈ ఏడాదీ అతనికి సెలవు దొరకలేదు. అంతలో నూకరాజు వచ్చి, జూలైలో తమిళనాడు కొండల్లో ఉన్న కూనూరులో ఓ వారం గది ఇప్పించగలవా అని అడిగాడు. నూకరాజు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. కాలేజీ రోజుల్లో నాలుగేళ్ళు ఇద్దరిదీ ఒకే హాస్టలు గది.

"క్లబ్బు పుస్తకంలో ఆ గది రోజుకి పన్నెండు వేలని ఉందమ్మా. నీకు కాబట్టి సగానికే ఇస్తున్నానని ఆరు వేలు చెప్పాను. మారుమాట లేకుండా సరేనన్నాడు. మర్నాడే ఇరవై వేలు అడ్వాన్సు పంపాడు. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. తక్కువ చెప్పి మోసపోయానో, ఎక్కువ చెప్పి వాణ్ణి బాధపెట్టానో తేలడం లేదు."

"ఆరు వేలు ఎలా వచ్చింది?" అన్నారు భ్రమరాంబగారు.

అతను జేబులోంచి కాగితం తీశాడు. సభ్యత్వానికి కట్టింది, దానికోసం చేసిన అప్పుమీద వడ్డీ, పదేళ్ళ ఫీజులు, అన్నీ కూడి రాత్రుల లెక్కన భాగించాడు. ఆరు వేలకి పైనే తేలింది. పైది తగ్గించాడు. సర్వే రిపోర్టులాగే ఎక్కడా తప్పు లేని లెక్క.

ఆవిడ కాగితం చూడలేదు. పుస్తకం మూశారు.

"ఆ రిసార్టుకి ఫోను చెయ్యి. పాయింట్ల మాట ఎత్తకు. దారినపోయే మనిషిలా ఆ వారానికి ఆ గది ఎంతో అడుగు. మాకూ వినపడేలా పెట్టు."

అతను స్పీకరు పెట్టి ఫోను చేశాడు. రిసెప్షన్లో అమ్మాయి తమిళ యాసతో ఇంగ్లీషులో ఉత్సాహంగా మాట్లాడింది. జూలైలో వానలు కదా సార్, ఆ వారం గదులన్నీ ఖాళీయే, రోజుకి మూడు వేల ఐదు వందలు, ఉదయం టిఫిను అందులోనే, మూడో మనిషికి అదనపు మంచం ఉచితం అంది.

గోవర్ధనరావు సరిగా వినలేదనుకుని మళ్ళీ అడిగాడు. ఆ అమ్మాయి అదే అంకె చెప్పి, కావాలంటే ఇంకో రెండు వందలు తగ్గించమని మేనేజరుని అడుగుతానంది. అతను థాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయి ఫోను పెట్టేశాడు. వరండాలో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బావుండుననిపించింది.

"ఈ అంకె నాకెందుకు నాయనా, వెళ్ళి అతనికి చెప్పు" అన్నారు భ్రమరాంబగారు.

అతను అట్నుంచి అటే విశాఖపట్నం ఇసుకతోటలో నూకరాజు ఇంటికి వెళ్ళాడు. దారిపొడుగునా ఒక్కటే భయం. ఈ సంగతి వాడంతట వాడికి తెలిసేలోపల తను చెప్పెయ్యాలి. నూకరాజు గుమ్మంలో స్టూలు వేసుకుని కూలర్ మోటారు విప్పుతున్నాడు. గోవర్ధనరావు చెప్పులైనా విడవకుండా అనేశాడు.

"ఒరే, ఆ గది బయట మూడున్నర వేలకే ఇస్తున్నార్రా."

నూకరాజు తలెత్తలేదు. "తెలుసురా."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"నువ్వు రేటు చెప్పిన సాయంత్రమే. మా చిన్నది ఫోన్లో చూసి చెప్పింది."

గోవర్ధనరావు గుమ్మం పట్టుకున్నాడు. "మరి ఎందుకు ఒప్పుకున్నావురా? డబ్బు ఎందుకు పంపావు?"

నూకరాజు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. మెస్సు బిల్లు కట్టలేక పస్తులున్నావు గానీ నన్ను పది రూపాయలు అడిగినోడివి కావు. అలాంటోడివి ఒకటికి రెండింతలు చెప్పావంటే, ఇంట్లో ఏదో పీకలమీదకి వచ్చుంటదనుకున్నాను. అప్పంటే నువ్వు పుచ్చుకోవు. పోనీ ఈ రకంగానైనా పుచ్చుకుంటావు కదా అని ఊరుకున్నాను. ఏటయిందిరా? వదినకేమైనా ఒంట్లో బాగోలేదా?"

"లేదు. బాగానే ఉంది."

"ఉద్యోగం?"

"బాగానే ఉంది."

నూకరాజు అతని మొహంలోకి చూశాడు. "మరి?" అన్నాడు.

ఇప్పుడు నిర్ఘాంతపోవడం నూకరాజు వంతయింది. ఏమీ ఇబ్బంది లేకుండా ఈ మనిషి తనని ఆ ధర అడిగాడన్నది అతని బుర్రకి ఎక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కుతుండగా ఆ మొహం మారడం గోవర్ధనరావు చూశాడు. అంతకన్నా ఘోరమైనది అతను ఏ కాలిన గోదాములోనూ చూడలేదు. చెయ్యడానికి మరేమీ తోచక కాగితం తీసి ఇచ్చాడు. నూకరాజు పైనుంచి కిందిదాకా చదివి, మడిచి, తిరిగి ఇచ్చేశాడు.

"ఈ సభ్యత్వం నువ్వు కొన్నప్పుడు నేను పక్కన లేను కదరా" అన్నాడు.

అంతలో నూకరాజు భార్య పైడితల్లి టీ తెచ్చింది. ఆమె వెనకాల గదిలో అరవై దాటిన ఒకావిడ, మంచంమీద కొత్త ఊలు స్వెట్టరు ఒకటి మడతపెట్టి, మడతలు నలగకుండా ప్లాస్టిక్ సంచిలో దూరుస్తోంది. ఆవిడ పైడితల్లి అక్క, అప్పలనరసమ్మ. తల్లి పోయాక చెల్లెల్ని సాకింది ఆవిడే. ముప్పై ఏళ్ళు ఒక హోటల్లో పొయ్యి ముందు వంట చేసింది.

ఈ ఎండల్లో స్వెట్టరు ఎవరికని, ఏదో ఒకటి అనాలి కాబట్టి అడిగాడు గోవర్ధనరావు.

"అక్కకే కొన్నామండీ. చల్లగా ఉన్న చోట ఓ వారం రోజులు కంటినిండా పడుకోవాలనుందే అని మొన్న చలికాలంలో ఒక్కసారి అన్నాది. ఈ ప్రయాణం పెట్టుకున్నాం. తీరా డబ్బులు చాలకపోతే, మీరిద్దరూ వెళ్ళిరండని అక్కే పట్టుబట్టి తన టికెట్టు రద్దు చేయించేసినాది. మా రెండు టికెట్లకీ తిరిగి సగమే వస్తాదంటే అవి ఉంచేశాం" అంది పైడితల్లి మామూలుగా. వాకిట్లో జరిగిన మాటలు ఆమె చెవిన పడలేదు. "స్వెట్టరు కొట్లో వెనక్కి తీసుకుంటారంట."

లోపల్నుంచి అప్పలనరసమ్మ అంది. "నాకేటి లెండి బాబూ. మా చెల్లీ మరిదీ తిరిగొస్తే చాల్దా."

టీ గ్లాసు గోవర్ధనరావు చేతిలోనే చల్లారింది. పైసా వద్దు, ముగ్గురూ వెళ్ళండి అన్నాడు. నూకరాజు ఒప్పుకోలేదు. ఊరికే అయితే అసలు ప్రయాణమే మానుకుంటామన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బావుండేది. గంటసేపు కూర్చుని ఒక మాటకి వచ్చారు. ఆ ఏడు రాత్రుల పాయింట్లకి గోవర్ధనరావు ఈ ఏడాది నిజంగా కట్టే ఫీజు రోజుకి రెండు వేలు. అదే నూకరాజు ఇస్తాడు. అడ్వాన్సులో మిగిలింది గోవర్ధనరావు అక్కడికక్కడే తిరిగి పంపాడు. అతను వెళ్ళేటప్పుడు నూకరాజు ఎప్పటిలా వీధి చివరిదాకా రాలేదు. కూలర్ మోటారు అందుకున్నాడు.

మరుసటి ఆదివారం అతను అందరికన్నా ముందే భీమిలి వెళ్ళి భ్రమరాంబగారికి జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పాడు. తన అవమానం కూడా దాచుకోలేదు. చివర కొంచెం ధైర్యం తెచ్చుకుని అన్నాడు.

"నా చేతినుంచి పడేదెంతో అంతే తీసుకుంటున్నానమ్మా. బయటి ధరకన్నా తక్కువే. వాడూ ఒప్పుకున్నాడు. ఇది న్యాయమైన ధరే కదా?"

"ఆ పెద్దావిడకి రైలు టికెట్టు దొరికిందా?" అన్నారు ఆవిడ.

"రద్దు చేసినది ఎవరికో వెళ్ళిపోయిందటమ్మా. మళ్ళీ తీశారు. వెయిటింగు లిస్టులో నూట పద్నాలుగు."

భ్రమరాంబగారు పుస్తకం తెరిచి, ఆ రోజు పాఠం ఉన్న పుట వెతుక్కుంటూ అన్నారు.

"అయితే ధర ఇంకా తేలలేదు నాయనా."