పాత బండి, కొత్త బావ

మండపేట పక్క ఊళ్ళో త్రిమూర్తులు, ఆదివిష్ణు అని ఇద్దరు అన్నదమ్ములు. తెలివంతా తమ ఇంట్లోనే కాపురం ఉందని వాళ్ళ నమ్మకం. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే బుద్ధిమంతుడు" అనేవాడు అన్న. "మనకంటే చెప్పినట్టు చేసేవాడు ఈ జిల్లాలో ఉన్నాడా?" అని మీసం దువ్వేవాడు తమ్ముడు.

వాళ్ళ చెల్లెలు మాణిక్యానికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుని విడిది నుంచి తాతగారి పాత మోటారు సైకిలు మీద బావమరుదులిద్దరూ వెంట ఉండి తీసుకురావడం ఆ ఇంటి ఆచారం. ఆ మాట తలుచుకుంటేనే పిల్లకి గుండె దడ. "అన్నయ్యా, ఈ ముహూర్తం దాటితే మళ్ళీ శ్రావణం దాకా లేదట. ఆయన్ని వేళకి తీసుకురండి, మీకు దణ్ణం పెడతాను" అంది.

"మాకొదిలెయ్యమ్మా" అన్నారు. అదే కొంప ముంచింది.

మెకానిక్కు మస్తాన్ వచ్చి బండి చూశాడు. "ఇంజను భేషుగ్గా ఉంది. టైర్లే పాతబడ్డాయి. ఎండ తగలనివ్వకండి, పగుళ్ళొస్తాయి. గాలి మాత్రం టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించండి" అన్నాడు.

అంతే! బండిని ఇంట్లోకి లాక్కొచ్చి, మంచం ఎక్కించి, దుప్పటి కప్పారు. మంచం మీదున్న వాళ్ళమ్మ వాకిట్లో పడింది.

"ఒరే, నాకు ఎండ తగుల్తోందిరా!"

"నీకు పగుళ్ళొస్తాయని మస్తాన్ చెప్పలేదు కదే!"

పెళ్ళిరోజు పొద్దున్నే గాలి కొట్టించడానికి బయల్దేరారు. పెట్రోలు బంకు చేరేసరికి టైర్లు వేడెక్కాయి. ఇంకేముంది, చల్లార్చడానికి ఇంటికి తోలుకొచ్చారు. చల్లారగానే మళ్ళీ బంకు. మళ్ళీ వేడి. మళ్ళీ ఇల్లు. ఆఖరికి ఆదివిష్ణు బుర్ర వెలిగింది. చక్రాలు రెండూ ఊడదీసి, తడి తువ్వాళ్ళు చుట్టి, చెరొకటీ నెత్తిన పెట్టుకుని నడిచారు.

"బండేదండీ?" అన్నాడు గాలి కొట్టేవాడు.

"గాలి టైర్లకి కదయ్యా! బండికెందుకు?"

పాపం, అతను రెండు చక్రాలకీ గాలి కొట్టి పంపాడు.

చక్రాలు బిగించి విడిదికి పరిగెత్తేసరికి ముహూర్తం దగ్గర పడింది. త్రిమూర్తులు ముందు, పెళ్ళికొడుకు మధ్యలో, ఆదివిష్ణు వెనక. కాలవ గట్టు మీద సైకిలు తొక్కుతూ మస్తాన్ ఎదురయ్యాడు. "అయ్యబాబోయ్, ఆ టైర్ల మీద ముగ్గురా? పేలిందంటే కాలవలో తేల్తారు! ఒకర్ని దించెయ్యండి!" అని కేకేసి పోయాడు.

త్రిమూర్తులు బండి ఆపి ఆలోచించాడు. "నడిపేది నేను, దిగడం కుదరదు. బావమరుదులిద్దరూ వెంట ఉండాలి కాబట్టి తమ్ముడూ దిగకూడదు. ఇక మిగిలింది..."

ఇద్దరూ బావని చూశారు.

మేళాలు మోగుతుండగా బండి పందిట్లోకి సరిగ్గా వేళకి వచ్చింది. మాణిక్యం తెర పక్కనుంచి తొంగిచూసి గొల్లుమంది. "పెళ్ళికొడుకేడన్నయ్యా?"

"కాలవ గట్టు మీద దించేశాం. ముగ్గురెక్కకూడదట!"

"ఇంకా కాస్త వేళుంది, పరిగెత్తండి బాబూ!" అని పంతులుగారు నెత్తి బాదుకున్నారు. అన్నదమ్ములు బండెక్కి దుమ్ము రేపుకుంటూ పోయారు, అంత జోరుగానూ తిరిగొచ్చారు. ఇద్దరే!

"ఆయన కనపడలేదా?" అంది మాణిక్యం ఏడుస్తూ.

"కనపడకేం! దండ వేసుకుని నడిచొస్తున్నాడు. ఎక్కిస్తే ముగ్గురమైపోమూ? అందుకని పక్కనే బండి ఆపి, 'తొందరగా రా బావా, ముహూర్తం దాటిపోతోంది' అని గట్టిగా చెప్పి వచ్చాం!"